ఒక్క కాలే వాచిందా... రుద్దకండి!

పిక్క పట్టేసిందనుకుంటాం. నరం బెణికిందనుకుంటాం. బోదకాలేమోనని బెంగపడతాం. నూనె వెచ్చబెట్టి రుద్దేస్తాం. చాలాసార్లు అది నిజంగానే మామూలు నొప్పి. కానీ కొన్నిసార్లు ఆ నొప్పి వెనక లోపలి సిరలో గడ్డకట్టిన రక్తం ఉంటుంది. ఈ రెండింటికీ తేడా తెలిస్తే ఓ ప్రాణం నిలబడొచ్చు.

తెనాలి పక్కన నందివెలుగులో ఓ ఇల్లు ఊహించుకోండి. ఆ ఇంటి పెద్దావిడ కూతురి పురిటికని అమెరికా వెళ్లి, ఆరునెలలుండి, మొన్ననే తిరిగొచ్చింది. రెండు విమానాలు, ఆపైన హైదరాబాద్‌ నుంచి ఊరిదాకా కారు. ఒక రోజుకు పైగా కూర్చునే ఉంది. దొరికిందేమో కిటికీ పక్క సీటు. పక్కవాళ్లను లేపాలంటే మొహమాటం. బాత్రూమ్‌కి లేవాల్సొస్తుందని నీళ్లు తాగడం కూడా తగ్గించేసింది.

వచ్చిన ఐదోరోజు పొద్దున ఎడమ పిక్క పట్టేసినట్టనిపించింది. సాయంత్రానికి కాలు బరువెక్కింది. మర్నాటికి చీలమండ కనపడనంత వాపు.

‘‘ఏంటొదినా, కాలట్లా ఉబ్బిందేంటి? విమానంలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నావుగా, నీరు దిగుంటుంది. నువ్వులనూనె వెచ్చజేసి రుద్దుతాలే, కూర్చో’’ అంది పక్కింటావిడ.

‘‘బోదకాలు కాదు గదమ్మా? ఎందుకైనా మంచిది, చూపించుకో’’ అన్నాడు ఎదురింటి పెద్దాయన.

‘‘నరం పట్టేసుంటుంది. నొప్పుల ఇంజెక్షన్‌ చేస్తా’’నన్నాడు ఊళ్లో ఆర్‌ఎంపీ.

‘‘నాలుగు రోజులు మంచం దిగొద్దమ్మా’’ అన్నాడు ఫోన్లో కొడుకు.

అందరూ ఆవిడ మంచి కోరేవాళ్లే. అయితే ఆవిడకు కావలసింది నూనె కాదు, నొప్పుల ఇంజెక్షన్‌ కాదు, మంచమూ కాదు. ఆ రోజే ఓ డాక్టరు చూపు, ఓ డాప్లర్‌ స్కాన్‌. ఈ ఇల్లు ఊహే గానీ, ఇందులోని మాటలన్నీ మనం ఏదో ఒక ఇంట్లో విన్నవే. ఇంతకీ ఏ నొప్పికి నూనె చాలు, ఏ నొప్పికి ఆసుపత్రికి పరిగెత్తాలి?

పంట కాలువ... మురుగు కాలువ

కృష్ణా పశ్చిమ డెల్టా రైతుకు ఈ సంగతి చెప్పడం చాలా తేలిక. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే నీరు పంట కాలువల గుండా చేలోకి చేరుతుంది. వాడుకోగా మిగిలింది మురుగు కాలువలోకి దిగి సముద్రం దారి పడుతుంది. పంట కాలువ పూడిపోతే చేను ఎండిపోతుంది. మురుగు కాలువకు గుర్రపుడెక్క అడ్డంపడితే చేను మునిగిపోతుంది.

కాలు కూడా అంతే. గుండె నుంచి మంచి రక్తాన్ని తెచ్చే ధమనులు పంట కాలువలు. వాడేసిన రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరలు మురుగు కాలువలు. ధమని మూసుకుంటే కాలు చల్లబడి, పాలిపోతుంది. సిర మూసుకుంటే కాలు ఉబ్బి, బరువెక్కుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం సంగతి తెలిసినట్టే.

కండరాల మధ్య లోతుగా ఉండే పెద్ద సిరల్లో రక్తం గడ్డకట్టడాన్నే డాక్టర్లు ‘డీప్‌ వీన్‌ థ్రాంబోసిస్‌’ అంటారు. పొట్టిగా డీవీటీ. ఆ గడ్డ కాలిలోనే ఉండిపోతే నొప్పి, వాపు. అసలు భయం అది తెగినప్పుడు. గుర్రపుడెక్క గుంపు ఒకటి ఊడి కొట్టుకుపోయి లాకుల దగ్గర అడ్డంపడినట్టు, గడ్డలోంచి ఊడిన ముక్క రక్తంతో పాటు పైకి ప్రయాణించి, గుండె కుడివైపు గదుల్లోంచి దాటి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుంది. ఇదే పల్మనరీ ఎంబాలిజం. ముక్క పెద్దదైతే నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు.

కూర్చుంటే వచ్చే జబ్బు

కాలిలోని రక్తం కిందినుంచి పైకి ఎక్కాలి. దాన్ని పైకి తోసే పంపు పిక్క కండరమే. అడుగు వేసినప్పుడల్లా అది సిరను నొక్కి రక్తాన్ని ఎగదోస్తుంది. అందుకే పిక్కను ‘రెండో గుండె’ అంటారు. కదలకుండా గంటల తరబడి కూర్చుంటే ఆ పంపు ఆగిపోతుంది. నిలిచిన నీళ్లలో నాచు పట్టినట్టు, నిలిచిన రక్తం గడ్డకట్టే వీలు పెరుగుతుంది.

రక్తప్రవాహం మందగించడం, సిర గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం... గడ్డకు ఈ మూడే మూలకారణాలని వైద్యులు చెబుతారు. ఈ త్రయానికి 19వ శతాబ్దపు జర్మన్‌ వైద్యుడు రుడాల్ఫ్‌ విర్కో పేరే పెట్టారు. ఆయన పుట్టినరోజైన అక్టోబరు 13ను 2014 నుంచి ప్రపంచ థ్రాంబోసిస్‌ దినంగా జరుపుతున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌ మీద బాంబులు పడుతున్న రోజులవి. జనం రాత్రిళ్లు రక్షణ గదుల్లో మడతకుర్చీల మీద కూర్చునే నిద్రపోయేవాళ్లు. బాంబు తగలకుండానే కొందరు కుప్పకూలిపోయేవారు. కారణం ఊపిరితిత్తుల్లో గడ్డ! కుర్చీ అంచు తొడ వెనక సిరను రాత్రంతా నొక్కడమే దీనికి మూలమని 1940లో కీత్‌ సింప్సన్‌ అనే వైద్యుడు ‘లాన్సెట్‌’ పత్రికలో రాశారు. కుర్చీల బదులు పడుకునే బల్లలు వేయాలని సూచించారు.

మరో సంగతి. 2003 ఏప్రిల్‌లో ఇరాక్‌ యుద్ధాన్ని చూపిస్తున్న ఎన్‌బీసీ టీవీ విలేకరి డేవిడ్‌ బ్లూమ్‌ హఠాత్తుగా చనిపోయారు. వయసు 39. తూటా తగల్లేదు. రోజుల తరబడి సైనిక వాహనంలో ఇరుకుగా కాళ్లు ముడుచుకుని ప్రయాణించారు. కాళ్లు పట్టేస్తున్నాయని శాటిలైట్‌ ఫోన్లో డాక్టర్లకు చెబితే, సిరలో గడ్డ కావచ్చు, వెంటనే చూపించుకోమన్నారు. ఆయన పని ఆపలేదు. కాలిలోని గడ్డ ఊపిరితిత్తులకు చేరింది.

నాలుగు గంటలు, అంతకుమించిన ప్రయాణంతో ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం తేల్చింది. విమానమే కానక్కర్లేదు. బస్సు, రైలు, కారు ఏదైనా సరే, కదలకుండా కూర్చోవడమే చిక్కు. అలాగని హడలిపోనక్కర్లేదు. నాలుగు గంటలు దాటిన విమాన ప్రయాణం చేసిన ఆరువేల మందిలో ఒకరికి గడ్డ రావచ్చని అదే అధ్యయనం అంచనా. అయితే మిగతా ముప్పులు కూడా తోడైతే ఆ లెక్క మారిపోతుంది.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

మోకాలి, తుంటి మార్పిడి లేదా ఏ పెద్ద ఆపరేషనైనా అయినవాళ్లు. కాలికి కట్టు వేసుకున్నవాళ్లు. పక్షవాతంతో మంచం పట్టినవాళ్లు. క్యాన్సర్‌ ఉన్నవాళ్లు. ఊబకాయులు. ఇంతకుముందు ఒకసారి గడ్డ వచ్చినవాళ్లు, లేదా ఇంట్లో రక్తసంబంధీకులకు చిన్న వయసులోనే వచ్చినవాళ్లు.

గర్భిణులు, బాలింతలు మరీ ముఖ్యం. కాన్పు తర్వాత ఆరు వారాలు ముప్పు ఎక్కువ. సిజేరియన్‌ అయితే ఇంకా ఎక్కువ. మన ఇళ్లలో బాలింతను మంచం దిగనివ్వరు. ‘పథ్యం’ పేరుతో మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తారు. ప్రేమతో చేసేదే గానీ, గడ్డ కట్టడానికి కావలసిన హంగులన్నీ అమర్చిపెట్టడమే అది. డాక్టరు లేచి తిరగమన్న రోజు నుంచీ తిరగనివ్వాలి. దాహమేసినన్ని నీళ్లు ఇవ్వాలి. గర్భిణుల్లో ఈ గడ్డ ఎక్కువగా ఎడమ కాలికే వస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి.

ఈస్ట్రోజెన్‌ ఉండే గర్భనిరోధక మాత్రలూ ముప్పును పెంచుతాయి. వ్రతమనో, తీర్థయాత్రనో, పెళ్లనో నెలసరిని వాయిదా వేసే మాత్రలు దుకాణంలో అడిగి కొనేస్తుంటారు. వాటిలో ఎక్కువగా వాడే నోరెథిస్టిరాన్‌ పెద్ద మోతాదులో వేసుకుంటే, కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. డాక్టరును అడక్కుండా వాడకూడదనేది అందుకే.

ఏ నొప్పి ఏది?

ఇక అసలు విషయం. కాలు నొప్పికి వంద కారణాలు. వాటిలో గడ్డను ఎలా వేరుచేయాలి?

సిరలో గడ్డ: చాలావరకు ఒక్క కాలికే. పిక్కలోనో తొడలోనో నొప్పి, నొక్కితే ఎక్కువ. గంటల్లో, రోజుల్లో పెరుగుతూ వచ్చే వాపు. వేలితో నొక్కితే గుంట పడుతుంది. చర్మం వెచ్చగా, కాస్త ఎర్రగానో నీలంగానో ఉంటుంది. నిలబడితే, నడిస్తే బరువు పెరుగుతుంది, కాలు ఎత్తిపెట్టుకుంటే కొంత తగ్గుతుంది. అయితే ఇవన్నీ అందరిలోనూ ఉండవు. కొందరికి నొప్పే ఉంటుంది, కొందరికి వాపే ఉంటుంది. కొందరికైతే ఏమీ తెలియకుండానే నేరుగా ఆయాసంతో బయటపడుతుంది.

పిక్క పట్టేయడం: అర్ధరాత్రి నిద్రలో ఉన్నట్టుండి పిక్క ఉండచుట్టుకుని గట్టిపడుతుంది. ప్రాణం పోయినంత నొప్పి. పాదాన్ని పైకి వంచితే నిమిషాల్లో వదిలేస్తుంది. మర్నాడు కాస్త సలుపుండొచ్చు. వాపు మాత్రం ఉండదు. పట్టు వదలకుండా రెండోరోజుకు వాపు కూడా వచ్చిందంటే మామూలు పట్టేయడం కాదని అనుమానించాలి.

కండరం చిట్లడం: ఏ క్షణాన వచ్చిందో చెప్పగలరు. మెట్టు తప్పినప్పుడో, పరిగెత్తినప్పుడో చురుక్కుమంటుంది. తర్వాత అక్కడ కమిలిన మచ్చ కనబడుతుంది.

వెన్ను నుంచి దిగే నొప్పి: అదే సయాటికా. నడుములోనో పిరుదులోనో మొదలై తొడ వెనకగా పాదందాకా కరెంటు షాకులా లాగుతుంది. దగ్గినా తుమ్మినా ఎక్కువవుతుంది. కాలు వాయదు.

షుగరు వల్ల వచ్చే నరాల నొప్పి: రెండు పాదాలకూ మంటలు, తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు పోట్లు. రాత్రిపూట ఎక్కువ. ఏళ్లుగా మెల్లగా పాకుతుంది.

ధమని పూడిక: చుట్ట, బీడీ, సిగరెట్‌ అలవాటున్నవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో ఎక్కువ. కొంతదూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, ఆగి నిలబడితే తగ్గిపోతుంది. మళ్లీ అంతే దూరం నడిస్తే మళ్లీ వస్తుంది. కాలు చల్లగా ఉంటుంది. ఇది పంట కాలువ పూడిక అన్నమాట. ఉన్నట్టుండి కాలు మంచులా చల్లబడి, పాలిపోయి, మొద్దుబారి, భరించలేని నొప్పి వస్తే అది మరో అత్యవసరం. గంటల్లో వైద్యం అందకపోతే కాలు తీసేయాల్సి రావచ్చు.

చర్మానికి పట్టిన చీము జబ్బు: నాట్ల బురదలో నాని వేళ్ల సందులు చెడినప్పుడు, ముల్లో గాజుపెంకో గుచ్చుకున్నప్పుడు సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి. చలిజ్వరం, గజ్జల్లో బిళ్లలు, అంచు తెలిసేలా పాకే ఎరుపు. దీన్ని సెల్యులైటిస్‌ అంటారు. గడ్డలాగే కనబడి డాక్టర్లను కూడా తికమకపెట్టేది ఇదే.

బోదకాలు: కోస్తా జిల్లాల్లో ఒక కాలు వాచిందంటే అందరికీ ముందు ఇదే గుర్తొస్తుంది. క్యూలెక్స్‌ దోమ మోసుకొచ్చే ఫైలేరియా క్రిమి దీనికి మూలం. ఏటా ఇంటింటికీ పంచే డీఈసీ మాత్రలు దీనికోసమే. కానీ బోదకాలు నాలుగు రోజుల్లో రాదు. మధ్యమధ్య జ్వరం, గజ్జల్లో బిళ్లలు వచ్చిపోతూ నెలల తరబడి, ఏళ్ల తరబడి పెరుగుతుంది. చర్మం మందమవుతుంది. మొన్నటిదాకా బాగున్న కాలు ఇవాళ వాచిందంటే, బోదకాలని సర్దిచెప్పుకుని కూర్చోవడానికి లేదు.

ఉబ్బిన సిరలు: గంటల తరబడి నిలబడే పనివాళ్లలో చర్మం కింద మెలికలు తిరిగి కనబడతాయి. సాయంత్రానికి కాళ్లు బరువు. పడుకుంటే హాయి. అయితే అలాంటి సిర తాడులా గట్టిపడి, ఎర్రబడి, ముట్టుకుంటే నొప్పి పుడితే స్కాన్‌ అవసరం.

మోకాలి వెనక నీటితిత్తి చిట్లడం: కీళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు మోకాలి వెనక తిత్తి ఏర్పడి, అది చిట్లి పిక్కలోకి నీరు దిగుతుంది. అచ్చం గడ్డలాగే ఉంటుంది. స్కాన్‌ చేస్తే తప్ప తేడా తెలియదు.

రెండు కాళ్లూ వాయడం: దూరప్రయాణం తర్వాత రెండు పాదాలూ కాస్త ఉబ్బి, రాత్రి పడుకుని లేచేసరికి తగ్గిపోవడం మామూలే. అలా తగ్గకుండా రెండూ వాస్తూంటే గుండె, మూత్రపిండాలు, కాలేయం వైపు చూడాలి. బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్‌ మాత్రతో కూడా ఇలా వస్తుంది. గడ్డ అరుదుగా రెండు కాళ్లకూ రావచ్చు గానీ, ఎక్కువగా ఒక్క కాలిదే ఆ లక్షణం.

చేతికీ గడ్డ రావచ్చు. పెద్ద సిరలో గొట్టం పెట్టి వైద్యం చేయించుకున్నవాళ్లలో, బరువులెత్తే వ్యాయామాలు చేసే కుర్రాళ్లలో చేయంతా ఉబ్బి నీలంగా మారితే తేలిగ్గా తీసుకోకూడదు.

టైలరు టేపు తీయండి!

ఇంట్లో బట్టలు కొలిచే టేపు ఉంటుందిగా. మోకాలి చిప్ప కింద ముందువైపు చేతికి తగిలే బుడిపె నుంచి పది సెంటీమీటర్లు కిందికి గుర్తుపెట్టి, రెండు పిక్కల చుట్టుకొలత చూడండి. తేడా మూడు సెంటీమీటర్లు దాటితే డాక్టర్లు దాన్ని పట్టించుకుంటారు. కెనడా వైద్యుడు ఫిలిప్‌ వెల్స్‌ బృందం 1990ల్లో తయారుచేసిన మార్కుల పట్టికలో ఇదొక అంశం. ఈమధ్య ఆపరేషన్‌ అయిందా, మంచాన ఉన్నారా, క్యాన్సర్‌ ఉందా, కాలంతా వాచిందా, గుంట పడుతోందా... ఇలా ఒక్కోదానికీ ఒక్కో మార్కు. గడ్డ కాకుండా మరో కారణం కనిపిస్తుంటే రెండు మార్కులు తీసేస్తారు. తేడా తక్కువ వచ్చిందని మాత్రం ఊరుకోవద్దు. అది అనుమానాన్ని పెంచడానికే గానీ, తీర్చేయడానికి కాదు.

తర్వాత పరీక్షలు. 2021లో కరోనా రెండో విడతలో ఇంటింటా వినబడిన పేరు ‘డి-డైమర్‌’ ఇక్కడిదే. మార్కులు తక్కువున్నవాళ్లకు ఈ రక్తపరీక్ష మామూలుగా వస్తే గడ్డ దాదాపుగా లేనట్టే. ఎక్కువ వచ్చినంత మాత్రాన గడ్డ ఉన్నట్టు కాదు. గర్భంలో, జ్వరాల్లో, ఆపరేషన్ల తర్వాత, పెద్ద వయసులో కూడా అది పెరుగుతుంది. తేల్చిచెప్పేది డాప్లర్‌ స్కానే. సూది లేదు, కోత లేదు. మంచి సిరను నొక్కితే అణిగిపోతుంది. గడ్డ ఉన్న సిర అణగదు. కొన్నిసార్లు మొదటిరోజు కనబడని గడ్డ వారానికి బయటపడుతుంది. డాక్టరు మళ్లీ రమ్మంటే మళ్లీ వెళ్లాల్సిందే.

గోంగూర తినొచ్చా?

గడ్డ అని తేలితే రక్తం మరింత గడ్డకట్టకుండా మందులు మొదలుపెడతారు. హెపారిన్‌ రకం ఇంజెక్షన్లు, ఆపైన మాత్రలు. ఇవి ఉన్న గడ్డను కరిగించవు. పెరగకుండా ఆపుతాయి. కరిగించే పని మెల్లగా మన ఒళ్లే చేసుకుంటుంది. సాధారణంగా కనీసం మూడునెలలు వాడాలి. వాపు తగ్గిందని మధ్యలో మానేయడం ప్రమాదం.

పాత మందు వార్ఫరిన్‌ది చిత్రమైన కథ. ఉత్తర అమెరికాలో బూజుపట్టిన పశుగ్రాసం తిన్న ఆవులు రక్తం కారి చనిపోతుంటే, కారణం వెతికిన విస్కాన్సిన్‌ శాస్త్రవేత్తల శ్రమలోంచి పుట్టింది. 1948లో ఎలుకల మందుగా వచ్చి, 1954లో మనుషుల మందైంది. ఇది వాడేవాళ్లు ఐఎన్‌ఆర్‌ పరీక్ష తరచూ చేయించుకోవాలి. ఆకుకూరల్లోని విటమిన్‌-కె దీని పనిని తగ్గిస్తుంది. అలాగని గుంటూరు మనిషిని గోంగూర మానేయమనడం భావ్యం కాదు! మానక్కర్లేదు కూడా. వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. ఒక వారం అసలు లేకుండా, మరో వారం మూడుపూటలా తినడంతోనే చిక్కు. రివరాక్సబాన్‌, అపిక్సబాన్‌ వంటి కొత్త మాత్రలకు ఆకుకూరల పేచీ లేదు. ఏది వాడుతున్నా, నొప్పి మాత్రలు సొంతంగా మింగకూడదు. రక్తస్రావం కావచ్చు.

ఆలోగా ఏం చేయకూడదు?

వాచిన కాలిని రుద్దకూడదు, పిసకకూడదు. రుద్దడంతో గడ్డ తెగి ఊపిరితిత్తులకు చేరిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నొప్పుల ఇంజెక్షన్‌ చేయించుకుని రెండురోజులు చూద్దామనుకోకూడదు. నొప్పి తగ్గుతుంది, గడ్డ అక్కడే ఉంటుంది. నాలుగు రోజులు మంచాన పడుకుంటే తగ్గుతుందన్నదీ పొరపాటే. మందు మొదలయ్యాక లేచి తిరగమనే చెబుతారు డాక్టర్లు.

ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, గుండెదడ, కళ్లు తిరిగి పడిపోవడం... వీటిలో ఏది కనిపించినా స్కాన్‌ కోసం కూడా ఆగొద్దు. 108కి ఫోన్‌ చేయండి. కాలు వాచిన సంగతి, ప్రయాణం సంగతి, ఆపరేషన్‌ సంగతి అంబులెన్సు వాళ్లకు ముందే చెప్పండి.

రాకుండా ఉండాలంటే ఖర్చేమీ లేదు. ప్రయాణంలో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. లేవలేకపోతే కూర్చునే మడమలు, మునివేళ్లు మార్చిమార్చి ఎత్తండి. నీళ్లు తాగండి. నడవ పక్క సీటు అడగండి. ముప్పు ఎక్కువున్నవాళ్లు ప్రయాణానికి ముందే డాక్టరును కలిస్తే బిగుతు మేజోళ్లో, మందో సూచిస్తారు.

మళ్లీ నందివెలుగు వెళ్దాం. పక్కింటావిడ నూనెగిన్నె పట్టుకుని వచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరో ఒకరు మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ‘‘ఒక్క కాలేనా? ఈ నాలుగు రోజుల్లోనే వచ్చిందా? ఈమధ్య కదలకుండా ఉన్నావా?’’ మూడింటికీ అవునన్న జవాబొస్తే నూనెగిన్నె పక్కనపెట్టి ఆటో పిలవాలి. తెనాలి ఎంతో దూరం లేదు, గుంటూరు గంట ప్రయాణం. స్కాన్‌లో ఏమీ లేదని తేలితే నష్టమేముంది? నవ్వుకుంటూ ఇంటికొచ్చి నూనె రాసుకోవచ్చు. గడ్డ ఉందని తేలితే మాత్రం... అమ్మమ్మను చంటిపాప వీడియోకాల్లో ఇంకా చాలా ఏళ్లు చూస్తుంది.